మిలిటరీ మోటారు సైకిలు

ఈశ్వరప్ప ఎగిరి కిక్కు కొట్టినాడు.

మోటారు సైకిలు పలకలేదు గానీ, హెడ్‌లైటు డొప్పలోంచి కోడిగుడ్డొకటి జారి కిందపడి పగిలినాది.

"చూసినావా? ఇన్నాళ్లూ ఊరికే పడుండే బండి, నీ చెయ్యి తగలంగానే ఏదో ఒకటి ఇచ్చినాది," అన్నాడు రామదాసు.

బండి అమ్మింది రామదాసే. బళ్లారి మిలిటరీ ఏలంలో కొనుక్కొచ్చి, అది ఎంతకీ నడవకుంటే కోళ్లగూడు చేసినాడు. ఈశ్వరప్ప దాన్ని పాత ఇనుము ధరకు తీసుకోని ఇంటి ముందర నిలబెట్టుకున్నాడు.

పంచాయతీ గుమాస్తా కదా, కోటు విప్పకుండానే రిపేరు మొదలుపెట్టినాడు. విప్పితే దోవన పోయేవాళ్లు మెకానిక్కు అనుకుంటారని భయం.

లోపల మంచం మీద పెండ్లాం రామలక్ష్మమ్మ. నెలలు నిండినాయి. ముందటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి బిడ్డ అడ్డం తిరిగుండాదని ఊరి మంత్రసాని ఓబులమ్మ చెప్పేసినాది.

"ఇది నా చేతుల్లో లేదు నాయనా. టౌను మిషన్ ఆస్పత్రి సిస్టరమ్మ రావాల్సిందే. ఈ పిల్లను మాత్రం మంచం దిగనీయొద్దు. దిగితే తల్లి కూడా దక్కదు."

కణేకల్లుకు, పుట్టినింటికి పంపే మాట ఆడికే నిలిచిపోయింది.

సిస్టరమ్మకు బస్సు కండక్టరుతో కబురు పంపినాడు. జవాబు రాలేదు. బస్సుకు మనసైతే వస్తాది, లేకుంటే లేదు. ఎద్దులబండి మాట ఎత్తే పనే లేదు. ఆ ఏడూ వాన ఎగ్గొట్టినాది. ఎద్దుల్ని సంతకు తోలేసి, ఊరోళ్లంతా కాడిమాన్లు మాత్రం భద్రంగా ఇంట్లో పెట్టుకున్నారు.

ఇంక మిగిలింది ఈ మోటారు సైకిలే. దీన్ని లేపాల. టౌనుకు పోవాల. సిస్టరమ్మను వెనక కూర్చోబెట్టుకోని తేవాల.

"నొప్పులొచ్చే లోపల అయితాదా?" లోపల్నుంచి రామలక్ష్మమ్మ.

"అయిపోయింది. ఇంక బిగించేదే."

ఈ మాట సోమారం నుంచి చెప్తాండాడు.

"బిడ్డకని తెచ్చిన ఉగ్గుగిన్నె కనపడదేమి?"

ఈశ్వరప్ప ఉగ్గుగిన్నెలో ఉండే నట్లు చప్పుడు కాకుండా కోటు జేబులోకి వంపుకున్నాడు.

వెనక టైరుకు ట్యూబు లేదు. గడ్డి కుక్కుదామంటే ఆ ఏడు గడ్డి ఎద్దులకే దొరకలేదు. గోనెపట్టలు కుక్కినాడు. అంతా బిగించినాక చూస్తే బోల్టులు కొన్ని మిగిలినాయి.

"మిగిలితే మంచిదే కదప్పా, బండి తేలికైతాది," అని రామదాసు బువ్వకు ఇంటికి పోయినాడు.

మిట్టమధ్యాన్నం. కిక్కు కొట్టినాడు. మళ్లా కొట్టినాడు. పిక్క పట్టేసినాది. కండ్లల్లో నీళ్లు తిరిగితే చెమటనుకున్నాడు.

ఇంకొక్క కిక్కు.

ఇంజను 'గుర్ర్' అన్నాది!

"ఏమప్పా, ఇంట్లో ఆడోళ్లు ఉండారా?"

ఇంజను ఆగిపోయింది.

ఈశ్వరప్పకు ఒళ్లు మండిపోయింది. తల తిప్పినాడు. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. వెలిసిపోయిన చీర. చంకలో మూట.

ఆ ఏడు అట్ల మూటలతో గంజికొచ్చేవాళ్లు రోజూ ఉండేవాళ్లు. వాళ్లు మగోళ్లతో పని చెప్పరు, ఆడోళ్లనే అడుగుతారు. మర్యాదస్తుల ఇండ్లల్లో "గంజి లేదు పో" అనేది కూడా ఉండదు. ఆడోళ్లు ల్యారంటారు. అంతే.

"ల్యారు," అన్నాడు ఈశ్వరప్ప.

"యాడికి పోయినారు?"

"పుట్టినింటికి."

"ఈ ఎండలోనా? ఏ ఊరప్పా?"

"కణేకల్లు. ఏం, ఆడికి గూడా పోతావా?"

"పోకుంటే ఎట్లప్పా?" అన్నాదామె. "కాళ్లూ చేతులూ కడుక్కుంటా, రవ్వన్ని నీళ్లు పోయి."

"తాగేకే నీళ్లు ల్యావు. పోమ్మా, ముందరికి పో."

అని, చెంబెడు నీళ్లు వేడెక్కిన ఇంజను మీద పోసినాడు.

ఆమె ఆ నీళ్ల వైపు చూసి, మూట సర్దుకోని, బస్సు దోవ పట్టినాది.

"ఎవురది?" లోపల్నుంచి రామలక్ష్మమ్మ.

"ఎవరో గంజికొచ్చినారు."

"ఇంత పోస్తే ఏం పోయె?"

"నేను బండి చూడాల్నా, ఊరోళ్ల కడుపులు చూడాల్నా?"

తెల్లారి నొప్పులు మొదలైనాయి. ఓబులమ్మ చేతులు తుడుచుకుంటా బయటికొచ్చినాది.

"ఇంక పొద్దెక్కితే నన్ను అడగొద్దు నాయనా."

ఈశ్వరప్ప తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కినాడు. ఎందుకైనా మంచిదని ఆస్పత్రివాళ్ల దేవునికీ మొక్కి, కండ్లు మూసుకోని కిక్కు కొట్టినాడు.

బండి లేచినాది.

వీధంతా బయటికొచ్చి చూసినాది. అంత ఆత్రంలోనూ ఈశ్వరప్ప కోటు గుండీలు పెట్టుకోని మరీ ఎక్కినాడు. గోనెపట్టల టైరు ఎత్తెత్తి వేస్తాంటే, బండీ ఆయనా ఒకటిగా వణుక్కుంటా టౌను చేరినారు.

మిషన్ ఆస్పత్రి గేటుకాడ వాచ్‌మన్ యేసన్న.

"అన్నా, సిస్టరమ్మ యాడ? బిరీన పిలువు! బిడ్డ అడ్డం తిరిగినాది, మా ఇంటామె నొప్పులు పడతాండాది. బండి గూడా తెచ్చినా!"

"సిస్టరమ్మ లేదే. ఏ ఊరప్పా మీది?"

"గుమ్మఘట్ట. ఇంకో సిస్టరమ్మ ఎవరన్నా ఉండారా?"

"ఉండేదే ఒక్క అమ్మ." యేసన్న ఆయన్ని ఎగాదిగా చూసినాడు. "కబురు అందంగానే ఆయమ్మ నిన్న మీ ఊరికే వచ్చె కదప్పా, తెల్లచీరకు దుమ్ము పడకూడదని మూటగట్టుకోని, దోవలో బస్సు చెడిపోతే నడిచి మరీ, ఎవరో మోటారు సైకిలు తన్నుకుంటా ఉండే మనిషి ఆడోళ్లు పుట్టినింటికి పోయినారన్నాడంట, ఈడికి తిరిగొచ్చి చెప్పి, కాన్పు ఆడే అయితాదేమోనని రాత్రి బస్సుకే కణేకల్లు పోయినాది."