రంగులు మార్చినవాడు

"మేడం, మీ కోసం ఎవరో హీరాలాల్ అట. మిర్యాలగూడ నుంచి వచ్చిండు."

అటెండరు చెప్పిన పేరుకు ఆండాళు ఒళ్లు మండింది.

"నిలబడమను."

ఆమె పాఠాలు చెప్పే కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ వరండాలోకి ఎండ నేరుగా కొడుతుంది. అతణ్ని గంటసేపు అక్కడే నిలబెట్టింది.

ఆమె పీహెచ్‌డీ క్యాన్సర్ జన్యువుల మీద. గాజు స్లైడు మీద వేల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో జన్యువు. కణితికి ఎరుపు, మంచి కండకు ఆకుపచ్చ. ఏ చుక్కలో ఏ రంగు ఎక్కువ మెరిసిందో కొలిచే ప్రోగ్రాం ఆమెది.

ల్యాబులో ఆ స్లైడ్లు చేసి పంపినవాడు హీరాలాల్. సగం స్లైడ్లలో రంగులు తారుమారు. లెక్కలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. థీసిస్ తిరిగొచ్చింది. ఇక ఒక్క అవకాశమే మిగిలింది.

ఆమె ఫిర్యాదుతో అతని ఉద్యోగం పోయింది. ఆమెకది చాలలేదు.

గంట తర్వాత అతణ్ని క్లాసులోకి పిలిపించి, రెండు స్లైడ్లు తెర మీద వేసింది.

"ఒకటే కణితి. ఇక్కడ ఎరుపు, అక్కడ ఆకుపచ్చ. ఎవరు మార్చిన్రు?"

"నేనే మేడం. కావాలనే మార్చిన."

క్లాసు గొల్లుమంది.

"ఎందుకో చెప్దామనే వచ్చిన. జర ఇనుండ్రి."

"నేను ప్రొఫెసర్ల ముందల ఏడుస్తుంటే నా మాట ఎవరిన్నరు? నువ్వు గూడ గట్లనే పో."

"సరే మేడం. మంచిగుండుండ్రి."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

చాలా రోజుల తర్వాత ఆండాళు కడుపునిండా అన్నం తిన్నది.

సాయంత్రం సూర్యాపేట నుంచి గైడు లింగస్వామి సారు ఫోన్ చేశారు.

"అమ్మా, ల్యాబుకు ఫోన్ చేసి కనుక్కున్న, పొరపాటు మనదే. ఒక రంగు ఊరికెనే ఇంకోదానికంటే ఎక్కువ మెరుస్తదట. అందుకే రంగులు అటిటు మార్చి మళ్లొకసారి చేస్తరట. రెండింట్ల నిలిచిందే నిజం. బయాలజీ వాళ్లకు అది రివాజే, మన ఎలక్ట్రానిక్స్ వాళ్లకేం తెలుసు?"

"అయితే నా థీసిస్?"

"నిలబడ్తది. ఆ రెండో సగం లేకుంటే అంతా అబద్ధమయ్యేది. హీరాలాల్‌ను పట్టుకో, కూసోబెట్టి సరిజేపిస్తడు."

"ఇయ్యాల వచ్చిండు సార్. పిల్లల ముందల ఎల్లగొట్టిన."



"అయ్యో! ల్యాబు వాళ్లు ఒక్కసారి చేస్తే చాలన్నరట. ఆయనే ఇనలేదట."

"ఎందుకు సార్?"

"ఆ కణితి ఆయన భార్యదమ్మా. పోయే ముందు మన పరిశోధనకే ఇచ్చిపోయిందట."