కుంకుమ నేర్చిన రంపం

సాయంత్రం మనవరాలి బారసాల. ఉయ్యాల ఇంకా తయారు కాలేదు. సింహాద్రి చెక్క కోయబోతే కరెంటు రంపం "రక్తం!" అని అరిచి ఆగిపోయింది. ఈ కాలపు రంపాలంతే; ఎరుపు కనబడితే కదలవు.

"రక్తం కాదెహె, నిన్న ఆయుధపూజకి మా ఆవిడ నీకు పెట్టిన కుంకుమ! ఎరుపు చూసి ఆగకు."

"నేర్చుకున్నాను," అని రంపం మళ్లీ తిరిగింది.

రంపమే కాచుకుంటుందని అతను తన చేతులకేసి చూడటం ఏనాడో మానేశాడు. చెక్క జారింది. వేలు తెగి నెత్తురు చిమ్మింది. చొక్కా చెయ్యి చక్రం పళ్లలో చిక్కింది.

"ఆగు! రక్తం!"

"కుంకుమ," అంది రంపం, తిరుగుతూనే.

వరహాలమ్మ పరుగున వచ్చి ప్లగ్గు పీకేసింది. మొగుడి వేలికి కొంగు చింపి కట్టింది.

"బొట్టు దానికి కాదయ్యా," అంది ముడి బిగిస్తూ, "ఈ చేతికి పెట్టాల్సింది."