ఊచలు లేని కిటికీ

కిటికీకి కొత్త రెక్కలు చేయించాలని రూతు పిలిస్తే, వడ్రంగి మాణిక్యం భవానీపురంలోని ఆమె ఇంటికి వచ్చాడు. వరదకు పాత రెక్కల పలకలు ఉబ్బి చట్రంలో పట్టడం లేదు. బందులు తుప్పు పట్టాయి.

అతను కొలతలు తీసుకుంటుంటే రూతు అంది. "రెక్కలు బయటికి తెరుచుకోవాలండీ. ఊచలు మాత్రం వద్దు."

"ఊచల్లేకపోతే ఎలాగమ్మా? దొంగలు తేలిగ్గా దూరతారు."

"దూరనివ్వండి."

మాణిక్యం టేపు దించి ఆమె వైపు చూశాడు.

"వరదొచ్చిన రోజు నేను చర్చికెళ్ళానండీ. మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నారు. నేను పడవలో వచ్చేసరికి లోపల గడ్డం దాకా నీళ్ళు. తలుపు పట్టేసింది. పడవవాళ్ళు ఎంత లాగినా ఈ ఊచలు కదల్లేదు. ఆయన వీటి సందులోంచే నా చెయ్యి పట్టుకున్నారు. నీళ్ళు తల దాటాక కూడా కాసేపు వదల్లేదు."

మాణిక్యం ఊచల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. మణికట్టు దాటి పోలేదు.

"ఇంత దగ్గరగా ఎవరు బిగించమన్నారమ్మా?" కోపంగా అడిగాడు.

"నేనేనండీ. గాలి రాదు, వద్దన్నారాయన. రాత్రిళ్ళు ఒక్కదాన్నే ఉండాలంటే భయమేసి, పట్టుబట్టి పెట్టించాను."