యశోదమ్మ ఇంటర్వ్యూ

“కొంగు నలపొద్దమ్మా. చేతులు టేబుల్ మీద పెట్టుకో.”

“టేబుల్ యాడుండాదే? ఇది పాల క్యాను కదా.”

“టేబులనుకో.”

బాగేపల్లి దగ్గరి పల్లెలో టమోటాలు పండించుకునే యశోదమ్మకు కూతురు నమ్రత పొద్దున్నే పాఠం మొదలుపెట్టింది. కాలేజీకి పోయే పిల్ల కాబట్టి ఇంట్లో గురువు హోదా అడక్కుండానే వచ్చేసింది.

“తల ఎత్తు. నేల చూస్తే భయపడతాండావని తెలిసిపోతుంది. ముందు నీ పేరు, ఊరు చెప్పు. తొందరపడొద్దు.”

“ఇంగ్లీషులో మొదలుపెడితే?”

“తెలుగులో చెప్పండి, కన్నడమైనా సరే, అను. తప్పేమీ లేదు.”

“జీతం మాటొస్తే?”

“మండీలో మాదిరి బేరానికి దిగొద్దు. నవ్వు మొహంతో విను.”

నవ్వు మొహం అనగానే యశోదమ్మ మొహం ఇంకా ముడుచుకుపోయింది. పోయినసారి ఇంటర్వ్యూ ఆమె కళ్ళముందే ఉంది. టై కట్టుకున్నాయన ఎదురుగా కూర్చుని ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె కొంగు నలుపుతూ నేల చూసింది. “ఆలోచించి ఫోన్ చేస్తాను” అంటూ ఆయన లేచాడు. ఆ ఫోన్ ఈనాటికీ రాలేదు.

ఊళ్ళో బయ్యప్ప ఊరుకుంటాడా? “పదో తరగతి తప్పినామెకు ఆఫీసులో కుర్చీ కావాల్సొచ్చిందంట” అని టీ కొట్టు దగ్గర పదిమందినీ నవ్వించాడు. ఆ మాట ఆమెకు ఇంకా నొప్పిగానే ఉంది. ఈసారీ అట్లాగే అయితే ఆ కుర్చీ తనది కాదనుకోవాలని మనసులో తీర్మానించుకుంది.

చిక్కబళ్ళాపురం బస్సులో దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది. పక్క సీటావిడ అదేదో స్తోత్రమనుకుని బుద్ధిగా కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

ఆఫీసు తలుపు ఇంకా తీయలేదు. వరండా బెంచీ మీద ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు ప్రతిమ. చింతామణి నుంచి వచ్చిందట, వ్యవసాయంలో డిగ్రీ చేసిందట. యశోదమ్మ బెంచీ చివర సర్దుకుని కూర్చుంది. ఇంత చదువుకున్న పిల్ల ముందు తన మాట ఏం నిలుస్తుంది?

“మీరూ ఇంటర్వ్యూకేనా అమ్మా?” అని అడిగింది ప్రతిమ.

“ఔను తల్లీ.” నమ్రత వద్దన్నా యశోదమ్మ చేతులు కొంగును నలపసాగాయి.

అది చూసి ప్రతిమ తన నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

“తాగండమ్మా. నాకూ భయంగానే ఉండాది. ఎదురుగా కూర్చునేవాళ్ళూ మన మాదిరి మనుషులే అని నాకు నేనే చెప్పుకుంటాండా.”

“నిజమేనంటావా?”

“నిజమే. వాళ్ళకు మాత్రం మొదట్లో భయం ఉండదా?”

యశోదమ్మకు ప్రాణం లేచివచ్చింది. ముక్కూమొహం తెలియని తనకు ఇంత ధైర్యం చెప్పిన పిల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఏ తల్లి కన్నబిడ్డో, మనసు మంచిది అనుకుంది.

ఇంతలో ఇంకో నలుగురు ఫైళ్ళతో వచ్చి బెంచీ నింపేశారు. ఆఫీసులో లెక్కలు రాసే పురుషోత్తమ్, ఆలస్యమైందన్న కంగారులో ఎవరి వైపూ చూడకుండా తాళం తీసి లోపలికి దూరాడు. కుర్చీలు సర్దిన చప్పుడయింది. తర్వాత తల బయటికి పెట్టి, “యశోదమ్మా, రండి” అని పిలిచాడు.

ఆమె లేచింది. ప్రతిమ ఆమె భుజం మీద కొంగు సరిచేసి, “ధైర్యంగా మాట్లాడండమ్మా” అంది.

యశోదమ్మ లోపలికి నడిచి, పురుషోత్తమ్ చూపించిన కుర్చీలో కూర్చుని, గట్టిగా ఊపిరి తీసుకుంది. ఈసారి నేల చూడకుండా తల ఎత్తింది.

“మేనేజరు ఉద్యోగానికి వచ్చినోళ్ళను ఒక్కొక్కర్నే పంపించప్పా” అంది రైతుల కంపెనీ అధ్యక్షురాలు యశోదమ్మ.