నూకరత్నం మూర

మొదట్లో నాకున్నది ఒక మల్లెపూల బుట్ట, పక్కన నా భార్య నూకరత్నం. పూలు కొలిచేది తన పొడుగాటి చేత్తోనే. కడియం సంతలో బేరాలన్నీ లోజ్బాన్ అనే, ఏ మాటకీ రెండర్థాలు రాకుండా కల్పించిన భాషలోకి మారాక, కొలత ఎవరి ప్రమాణం ప్రకారమో చెప్పందే కొట్లో బేరాలు రాసే యంత్రం ఒప్పుకోదు. మా కొట్లో మూర అంటే నూకరత్నం మూరేనని యంత్రం వచ్చిన రోజే నమోదు చేయించాను.

ఆమె పోయి ఏడాదైంది.

"నీ చెయ్యి పొట్టి కదా బాబాయ్! నీ మూరే పెట్టుకుంటే దండకి నాలుగు పూలు మిగుల్తాయి," అంది పక్క కొట్టు వీరలక్ష్మి.

"మిగిలితే ఎవరి తల్లో పెట్టనే?" అన్నాను.

దండను మోచేతి నుంచి నా వేళ్ల కొసదాకా పరిచి, నూకరత్నం వేళ్లు ఆగే చోటుదాకా ఇంకాస్త వదిలాను. "నూకరత్నం మూర," అని యంత్రం పలికింది.

లెక్క చూస్తే పూలు నష్టం. రోజంతా ఆమె పేరు వినబడడం లాభం.