సంహిత కుడిచెయ్యి

ఇప్పుడు బస్సెక్కాలన్నా, బియ్యం తెచ్చుకోవాలన్నా కుడిచెయ్యి మిషన్లో పెడితే చాలు. నరాల అల్లికను బట్టి మనిషెవరో అదే చెప్పేస్తుంది. సంహిత చెయ్యి ఎవరిదో మాత్రం ఈమధ్య దానికి తెలియడం లేదు. ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్‌కి మందెక్కించడానికి ఆ చేతి నరంలో నెలల తరబడి గొట్టం ఉంచారు. క్యాన్సర్ పోయింది. ముప్పై ఏళ్లకు నరం పూడుకుపోయి, చెయ్యి వాచి, పక్కన సన్నని కొత్త నరాలు పుట్టుకొచ్చాయి. చూపించుకుందామని ఆసుపత్రికి వెళ్తే గేటు తెరుచుకోలేదు. అక్కడా చెయ్యే పెట్టాలి మరి.

కాకినాడ నమోదు కేంద్రంలో గుమస్తా వీర్రాజు ఓపిగ్గా విన్నాడు.

"నరం మారడానికి కారణం నొక్కాలండి. పాత రేషన్ కార్డు ఫారమే దీనికీ పెట్టారు. పెళ్లి, బదిలీ, మరణం, మూడే ఉన్నాయండి."

"నాది పూడుకుపోయిందండీ."

"అది ఇందులో లేదు కదండీ. పెళ్లంటే మీ ఆయన చెయ్యి కూడా అడుగుద్ది. బదిలీకి ఆఫీసు కాగితం కావాలి. మరణానికైతే ఏమీ అడగదండి."

చిన్నప్పుడు రెండేళ్లు డాక్టర్లు చెమటోడ్చి తప్పించినదాన్ని వీర్రాజు, ఆమె చెయ్యి మళ్లీ మిషన్లో పెట్టించి, ఒక్క నొక్కుతో పూర్తిచేశాడు.

సాయంత్రం ఆసుపత్రి గేటు ఆమెను వెంటనే గుర్తుపట్టింది. ఎంతో మర్యాదగా దారి కూడా చెప్పింది.

"సంహిత గారూ, మార్చురీ వెనకవైపు ఉంది."