గొంతులో వెలుగు

"గొంతు దగ్గర ఇంత వెలుగేమిటమ్మా?" డాక్టరమ్మ స్కాన్ బొమ్మను భార్యాభర్తల వైపు తిప్పింది.

దర్జీ పని చేసే ఆ భార్య ముందుకు వంగి బొమ్మలోకి చూసింది. మెడలో, చంకల్లో గడ్డలు కట్టే రక్త క్యాన్సర్‌కు నాలుగు విడతలు మందు ఎక్కించాక తీసిన స్కాన్ అది. సూదితో ఎక్కించిన చక్కెర లాంటి మందు, జబ్బు మిగిలిన చోట చేరి వెలుగుతుందని చెప్పారు.

అందరి రోగాలకూ కారణాలు చెప్పగల భర్త వెంటనే అందుకున్నాడు. "నా మాట వింటేనా! పథ్యం..."

"మీరుండండి. అమ్మా, సూది వేశాక గంటసేపు మాట్లాడొద్దన్నాం. మాట్లాడారా?"

ఆవిడ తల వంచుకుంది. "ఈయన బయట్నుంచి ఫోన్ చేశారండీ. జబ్బు తెచ్చుకుని పరువు తీశానన్నారు. ఇరవై ఏళ్లు ఊకొట్టాను. ఇవాళ మాత్రం ఆగలేక అరగంట కడిగేశాను."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "అయితే అది జబ్బు కాదు. బాగా పనిచేసిన కండరం కూడా చక్కెర లాక్కుంటుంది. మెడలో, చంకల్లో గడ్డలన్నీ చల్లారాయి. ఇంకో రెండు విడతలు చాలు."

భర్త ముఖం కందగడ్డయింది. "ఇకనైనా నోరు మూసుకోమని చెప్పండి డాక్టరుగారూ!"

"గంటసేపే వద్దన్నారండీ," అంది భార్య, తలెత్తి అతని కళ్లలోకి చూస్తూ. "అదెప్పుడో అయిపోయింది."